సెట్ అన్నాక ఇంకా అడిగేదేముంది?

తెలుగువాళ్లకు ఇంగ్లీషువాడు వదిలిపోయిన వాటిలో ఏది గొప్పదని అడిగితే ఒకరు రైలంటారు, ఒకరు సూదిమందంటారు, ఇంకొకరు కాఫీ అంటారు. అందరూ పొరబడ్డారు. వాడు వదిలిపోయిన వాటన్నిట్లోకీ గొప్పది 'సెట్' అనే మాట! దాని ముందు రైలెంత?

నవ్వకండి. కాస్త నిదానంగా ఆలోచించండి. రేపు పొద్దున్నే ఏ ప్రభుత్వమో పూనుకుని తెలుగులో ఉన్న క్రియలన్నీ రద్దుచేసి, ఒక్క 'సెట్'ను మాత్రం మనకు ఉంచిందనుకుందాం. మదనపల్లె నుంచి కుప్పం దాకా ఒక్క పనైనా ఆగుతుందా? ఆగదు. అసలు అలాంటి చట్టం ఒకటి వచ్చిందని జనం గమనించడానికే కొన్నాళ్లు పడుతుంది.

మదనపల్లె బస్టాండు దగ్గర పొద్దున్నే హోటల్లో కూర్చున్నవాడు తినేది సెట్ దోశ. పెద్దతిప్పసముద్రం చేలల్లో కరెంటు ఉన్నంతసేపు తిరిగేది పంపుసెట్. అంగళ్లు ఊళ్లో ఇంజనీరింగ్ చదివే పిల్లలు ఆ కాలేజీకి వచ్చింది ఒక సెట్ రాసి, బయటికి పోయేది ఇంకో సెట్ రాయడానికి. చదువయ్యాక బెంగళూరులో జాబ్ సెట్ కావాలి. జాబ్ సెట్ అయితే రూమ్ సెట్ కావాలి. రూమ్‌లో ఉన్న మిగతావాళ్లు వీడికి సెట్ కావాలి. శాంతిపురంలో పోసిన శ్లాబు సెట్ అయ్యేదాకా దానిమీద ఎవరూ నడవకూడదు. తాతకు పళ్ల సెట్, తాత జారిపడితే ఎముక సెట్, తాత పోయాక కొడుకుల మధ్య పొలం సెట్. ఇంత పెద్ద సంసారాన్ని ఒంటిచేత్తో ఈదుకొస్తున్న మాట ఇంకే భాషలోనైనా ఉందా?

అయినా దీని అసలు గొప్పదనం ఇన్ని పనులు చేయడంలో లేదు. ఇది ఇచ్చే మనశ్శాంతిలో ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందని ఫోన్ చేస్తాం. 'సెట్ చేస్తాంలేప్పా' అంటారు అవతలినుంచి. ఎవరు చేస్తారు? ఎప్పుడు చేస్తారు? అడుగుతామా? ఛ, అంత మర్యాద తెలియని వాళ్లమా! ఆ మాట చెవినపడితేనే సగం వెలుతురు వచ్చినట్టుంటుంది. ఫోన్ పెట్టేసి కొవ్వొత్తి వెతుక్కుంటాం. చెప్పినవాడికి బరువు లేదు, విన్నవాడికి దిగులు లేదు.

ఇంత సుఖం ఇంట్లో పెట్టుకుని పుంగనూరు ఫ్లారెన్స్ జర్మన్ నేర్చుకోవడానికి పోయింది. కోరి కష్టాలు తెచ్చుకోవడమంటే అదే.

ఫ్లారెన్స్ ఎవరంటారా? మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైన జీవానందం కూతురు. పుంగనూరులో ఒక నర్సింగ్ హోంలో స్టాఫ్ నర్సు. సూది గుచ్చితే గుచ్చినట్టు తెలియదని పేరు. జర్మనీలో నర్సులు చాలడం లేదట, భాష వస్తే చాలు రమ్మంటున్నారట అని విన్నప్పటినుంచి ఆ పిల్లకు కాలు నిలవడం లేదు. ప్రతి శనివారం డ్యూటీ మార్చుకుని బస్సెక్కి మదనపల్లెకు పోయి, టమాట పెట్టెలమ్మే అంగడి పైన ప్రకాష్ బాబు అనే ఆయన చెప్పే క్లాసులో కూర్చుంటుంది. ప్రకాష్ బాబు జర్మనీలో కొన్నాళ్లు ఉండి, చలికి తట్టుకోలేక తిరిగొచ్చిన మనిషి. మదనపల్లె కూడా చల్లటి ఊరే అంటారు గానీ, ఆయన ఎండాకాలంలో కూడా మఫ్లరు తీయడు.

ఆ క్లాసులో ఫ్లారెన్స్‌కు తెలిసిన మొదటి సంగతి ఏమిటంటే, జర్మన్లు మహా దరిద్రులు. వాళ్లకు 'సెట్' లేదు! అలారం సెట్ చేయాలంటే 'ష్టెలెన్' అనాలట. భోజనానికి బల్ల సెట్ చేయాలంటే 'డెకెన్' అట. సిమెంటు సెట్ అయితే 'అబ్‌బిండెన్', విరిగిన ఎముక సెట్ చేస్తే 'రిష్టెన్'. టీవీ సెట్ 'గెరేట్', పళ్ల సెట్ 'గెబిస్', టెన్నిసులో సెట్ 'జాట్స్'. తేదీ సెట్ చేస్తే 'ఫెస్ట్‌లేగెన్'. ఇవన్నీ పోనీ, వస్తువును బల్లమీద పెట్టడానికి కూడా ఒక్క మాట లేదు. నిలువుగా పెడితే 'ష్టెలెన్', పడుకోబెడితే 'లేగెన్', కూర్చోబెడితే ఇంకొకటి. సీసా ఒక మాటకు కదులుతుంది, పుస్తకం ఇంకో మాటకు. పాపం, అంత పెద్ద పెద్ద కార్లు తయారుచేసే జాతి, ఇంత చిన్న విషయంలో ఎట్లా వెనకబడిపోయిందో!

మన ఒక్క మాటను ఎగుమతి చేస్తే ఆ దేశం ఎంత బాగుపడేదో అని ఫ్లారెన్స్ పక్కన కూర్చునే శాంతిపురం యమున వాపోయింది. ప్రకాష్ బాబు మఫ్లరు సర్దుకుని, అక్కడ ఏ పని ఎట్లా జరిగిందో చెప్పకపోతే వాళ్లకు నిద్రపట్టదమ్మా అన్నాడు.

అది అట్లా ఉంచండి. ఈలోగా ఫ్లారెన్స్ పెళ్లి సెట్ అయింది.

ఎట్లా అయిందంటే, కుప్పంలో ఒక బంధువుల పెళ్లి విందులో ఆమె మేనత్త నీలిమ, వడ్డన వరసలో పెరుగు పచ్చడి గిన్నె పట్టుకుని తిరుగుతున్న ఒక అబ్బాయిని చూపించి, ఆ నీలం చొక్కా సుకుమార్, మంచి పిల్లోడు అంది. ఫ్లారెన్స్ తలెత్తి చూసింది. అతను ఎవరి ఆకులోనో పచ్చడి ఎక్కువ వేసి నాలుక కరుచుకుంటున్నాడు. ఆమెకు నవ్వొచ్చింది. అంతే జరిగింది. కొన్నాళ్లకు నీలిమ కుప్పం నుంచి ఫోన్ చేసి, సెట్ అయిందని చెప్పింది.

ఏమిటి సెట్ అయింది అని అడిగే అవకాశం ఫ్లారెన్స్‌కు రాలేదు. అప్పటికే వాళ్లమ్మ మేరమ్మ కళ్లొత్తుకుని ప్రార్థన చేస్తోంది. జీవానందం వంటవాళ్ల కోసం ఎవరికో ఫోన్ చేస్తున్నాడు. చర్చిలో పాటలు పాడే క్వయర్ ఆడవాళ్లు పెళ్లికి అందరూ ఒకే రకం చీరలు కట్టుకోవాలని తీర్మానించి, వాటికి సెట్ చీరలని పేరు కూడా పెట్టేశారు. జర్మనీ సంగతి ఏమిటని ఫ్లారెన్స్ మెల్లగా గొణిగితే, ముందు పెళ్లి కానీ, ఆ జర్మనీ కూడా సెట్ చేసుకుందురులే అంది ఫోన్లో నీలిమ. ఒక మాటతో ఒక దేశాన్నే సర్దిపెట్టింది చూశారా!

ఫ్లారెన్స్‌కు ఆ అబ్బాయి మీద కోపం లేదు. ఇష్టం లేదని కూడా కాదు. అట్లాగని ఇష్టమని కూడా ఆమెకు తెలియదు. ఎవరో ఒకరు వచ్చి పక్కన కూర్చుని 'ఏమమ్మా, నీకిష్టమేనా' అని అడుగుతారు గదా, అప్పుడు ఆలోచించుకుందాం అనుకుంది. ఆలోచించడానికి చాలా ఉంది. ఆ మనిషి కోపమొస్తే ఏం చేస్తాడు? తను జర్మనీకి పోతానంటే ఏమంటాడు? కుప్పం నుంచి రోజూ రైల్లో బెంగళూరుకు పోయి ఉద్యోగం చేసి వచ్చేవాడికి, సముద్రం దాటి పోయే భార్య పనికొస్తుందా? ఇవన్నీ వరసగా మనసులో పెట్టుకుని, ఎవరైనా అడుగుతారేమోనని ఎదురుచూసింది. ఎవరూ రాలేదు. వస్తారనే అనుకుంది.

ఇక్కడ మన పాఠకుల్లో చర్చి సంగతులు తెలియనివాళ్లకు ఒక ముక్క చెప్పాలి. పెళ్లికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో పెండ్లి ప్రకటన చదువుతారు. ఫలానావారి కుమారునికి, ఫలానావారి కుమార్తెకు వివాహం జరగబోతోంది, ఎవరికైనను న్యాయమైన అభ్యంతరమున్న యెడల తెలియజేయవలెను అని అయ్యగారు, అంటే పాస్టరుగారు, పైకి చదువుతారు. ఆ మాట చదివాక ఊపిరి పీల్చుకునేంతసేపు ఆగుతారు. అభ్యంతరం కోసం కాదు, ఊపిరి కోసమే. మూడోసారి చదివాక ఇక ఎవరూ నోరెత్తకూడదు.

మొదటి ఆదివారం ఫ్లారెన్స్ డ్యూటీలో ఉంది. తన పెళ్లి ప్రకటన జరిగిన సంగతి సాయంత్రం సెలైన్ మార్చుతుంటే పేషెంటు తాలూకు మనిషి శుభాకాంక్షలు చెబితే తెలిసింది. పుంగనూరులో ఏ వార్తయినా మనకన్నా ముందు మన చుట్టూ ఉన్నవాళ్లకు చేరుతుంది, అందులో వింతేం లేదు.

ఆ శనివారం క్లాసులో ప్రకాష్ బాబు అందరినీ ఇంట్లో జరిగిన విశేషం ఒకటి జర్మన్‌లో చెప్పమన్నాడు. యమున వాళ్ల ఆవు ఈనిందని చెప్పి కూర్చుంది. ఫ్లారెన్స్ లేచి, నా పెళ్లి సెట్ అయింది అని చెప్పబోయి ఆగిపోయింది. ఏ మాట వాడాలి? ష్టెలెన్ అంది. పెళ్లిని నిలబెట్టారా అన్నాడాయన. లేగెన్ అంది. పడుకోబెట్టారా అన్నాడు. క్లాసంతా నవ్వుతుంటే కూర్చోబెట్టే మాట కూడా ప్రయత్నించి అభాసుపాలైంది. చివరికి ఆయన జాలిపడి 'ఆబ్‌గెమాఖ్ట్' అని ఒక మాట అందించాడు. ఇద్దరు మనుషులు ఒక సంగతి మాట్లాడుకుని, ఒప్పుకుని, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ అనే మాట అది అని వివరించాడు.

"ఇప్పుడు రెండో వాక్యం చెప్పమ్మా. ఎవరెవరు మాట్లాడుకున్నారు, నువ్వేమన్నావు?"

ఆయన అడిగింది పాఠం ముందుకు సాగడానికే. ఈమె పెళ్లితో ఆయనకేం పని? కానీ ఫ్లారెన్స్ నోరు పెగల్లేదు. జర్మన్ రాక కాదు, జరిగింది తెలియక. ఆమె నిలబడే ఉంది, కింద అంగట్లో పెట్టెలు లారీకెత్తే చప్పుడు వినిపిస్తోంది, ఆయన మఫ్లరు సర్దుకుని యమున వైపు తిరిగాడు.

పుంగనూరు పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఫ్లారెన్స్ మొదటిసారి భయపడింది. తనను బలవంతం చేసేవాళ్లు ఉంటే ఎదిరించవచ్చు, ఏడవవచ్చు, అన్నం మానేయవచ్చు. ఇక్కడ ఎవరూ బలవంతం చేయలేదు. అందరూ మంచివాళ్లే, అందరూ సంతోషంగా ఉన్నారు. ఆ సంతోషం మధ్య తను ఏమీ అనకుండానే పెళ్లయిపోయేట్టుంది. చూశారా, పరాయి భాష మనిషి నెమ్మదిని ఎట్లా చెడగొడుతుందో!

మరునాడు రెండో ప్రకటన. ఈసారి ఆమె చర్చిలోనే ఉంది. అయ్యగారు చదివారు, ఊపిరి పీల్చారు, సండే స్కూలు పరీక్షల సంగతికి పోయారు. ఫ్లారెన్స్ ఇంటికొచ్చి, అన్నం తినకుండా, నేరుగా విచారణ మొదలుపెట్టింది.

మొదట మేరమ్మ దగ్గరికి పోయి, నన్ను అడిగిందెవరమ్మా అంది. మేరమ్మ ఆశ్చర్యపోయి, మీ నాయన అడిగినాడనుకున్నానే అంది. జీవానందం పేపరు దించి, ఇట్లాంటివి ఆడవాళ్లు గదా అడిగేది, మీయమ్మ అడిగే ఉంటుందనుకున్నా అన్నాడు. కుప్పానికి ఫోన్ చేస్తే నీలిమ, సంబంధం తెచ్చేవరకే నా బాధ్యత, అడగాల్సింది ఇంట్లోవాళ్లు అంది. అయ్యగారి భార్యను అడిగితే ఆమె, ప్రకటనకు ఇచ్చారంటే అడిగే ఇచ్చుంటారు గదమ్మా అని ఎంతో న్యాయంగా చెప్పింది. ఇందులో ఒక్కరి తప్పైనా ఉందా? వెతికి చూడండి. ఒకరిని చూసి ఒకరు, అడిగే ఉంటారులే అనుకున్నారు. ఒకరి మీద ఒకరికి అంత నమ్మకం ఉన్న సమాజం భూమ్మీద ఇంకెక్కడైనా కనబడుతుందా!

పోనీ, అప్పుడైనా అడిగారా? అదే కదా తమాషా. ఆ వారమంతా ఇంట్లో పెద్ద రగడ. పిల్లను అడగకుండా ఎట్లా ఊరుకున్నావు అని మేరమ్మ జీవానందాన్ని పట్టుకుంది. నీ చెల్లెలు తొందరపెట్టిందని ఆమె, నువ్వు తల్లివి కాదా అని ఆయన. నీలిమ కుప్పం నుంచి బస్సెక్కి వచ్చి మరీ ఏడ్చింది, మంచికి పోతే తనకు ఇదా మర్యాద అని. వాళ్లు ముగ్గురూ వంటింట్లో అరుచుకుంటుంటే ఫ్లారెన్స్ వాకిట్లో యూనిఫాం ఆరేస్తూ వింది. అడగాల్సింది ఎవరన్నది తేలలేదు. తేలకముందే రాత్రయింది, అందరూ అలిసిపోయి తిని పడుకున్నారు. అడగడం మాత్రం అందరూ మరిచిపోయారు.

మూడో ఆదివారం వచ్చింది.

చర్చిలో ఒక పక్క మగవాళ్లు, ఒక పక్క ఆడవాళ్లు. మధ్యలో నడవడానికి దారి. ఫ్లారెన్స్ మేరమ్మకూ నీలిమకూ మధ్య చాపమీద కూర్చుంది. అయ్యగారు కళ్లజోడు సర్దుకుని, ఇది మూడవదియు కడపటిదియునైన ప్రకటన అని చదివి, అభ్యంతరం దగ్గర ఊపిరి పీల్చారు. ఆయన చూపు అప్పుడే కాగితంలో కింది వరసలో ఉన్న స్త్రీల సమాజం కూడిక ప్రకటనకు జారిపోయింది. ఫ్లారెన్స్ లేచి నిలబడింది. మేరమ్మ కొంగు పట్టి లాగుతోంది.

"అయ్యగారూ, నాకుండాది."

"ఏముండాదమ్మా?"

"అభ్యంతరం."

కీబోర్డు వాయించే అతని చెయ్యి ఎక్కడ పడిందో, చర్చిలో ఒక్క స్వరం పెద్దగా మోగి ఆగింది. అయ్యగారు ఎన్నో ఏళ్లుగా ప్రకటనలు చదువుతున్నారు. అభ్యంతరం అంటూ లేచిన మనిషిని చూడటం ఇదే మొదటిసారి. లేస్తే ఏం చేయాలో ఆయనకు తెలుసు. అబ్బాయికి ముందే పెళ్లయిందా, వరస కుదరదా, వయసు చాలదా అని అడగాలి. కానీ లేచింది పెళ్లికూతురే అయితే ఏం చేయాలో ఆయనకు ఎవరూ నేర్పలేదు. ఆ అబ్బాయి గురించి ఏమైనా చెడ్డమాట విన్నావా అని జాగ్రత్తగా అడిగారు.

"లేదయ్యగారూ. మంచోడే అంటాండారు," అంది ఫ్లారెన్స్. గొంతు సన్నగా ఉన్నా చర్చి చివరిదాకా వినిపించింది. "అందురూ సెట్ అయిందంటాండారు. నన్నయితే ఎవురూ అడగల్యా. అడగండి, సెప్తాను."

అయ్యగారు జీవానందం వైపు చూశారు. జీవానందం దారికి అవతల ఉన్న మేరమ్మను చూశాడు. మేరమ్మ నీలిమను చూసింది. నీలిమ ముందు వరసలో ఉన్న అయ్యగారి భార్యను చూసింది. ఆమె అయ్యగారిని చూసింది. ఇక ఆయనకు చూడటానికి ఎవరూ మిగల్లేదు. ఆయన బైబిలు మూసి, జీవానందంగారూ, మీరే అడగండి అన్నారు.

జీవానందం లేచాడు. మోకాలి నొప్పి మనిషి, గోడ పట్టుకుని లేచాడు. చెప్పుల్లేని కాళ్లతో ఆ దారి దాటి, ఎన్నడూ రాని ఆడవాళ్ల వైపుకు వచ్చి కూతురి ముందర నిలబడ్డాడు. ఆసుపత్రిలో వేలమందిని, ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి అని అడిగినవాడే. ఇప్పుడు రెండుసార్లు దగ్గాడు.

"నీకిష్టమేనా, తల్లీ?"

ఆ మాట కోసం ఇన్నాళ్లు కాచుకున్న పిల్ల, అది వినబడగానే ఏడ్చేసింది. చాలాసేపు ఏడ్చింది. తరవాత ముఖం తుడుచుకుని, "ఆలోచించి సెప్తా నాయనా. ఒక వారం టైమియ్యి," అంది.

చూశారా అనర్థం! ఒక్క ప్రశ్న అడిగారు, అంతా తలకిందులైంది. వంటవాళ్లు ఆగిపోయారు. సెట్ చీరలు కట్టుకోవాల్సిన క్వయర్ ఆడవాళ్లు, చీర సంగతి ఏమిటని ఒకరినొకరు గుసగుసగా అడుక్కున్నారు. అయ్యగారు ప్రకటనను పై ఆదివారానికి వాయిదా వేసి, గభాలున పాట పాడించారు. అడగడం మొదలుపెడితే వచ్చే తంటా ఇదే. ఈ జనం అంతా రేపటినుంచి ఒకరినొకరు అడగడం మొదలుపెడితే ఊళ్లో ఏ పనైనా జరుగుతుందా? పెద్దలు 'సెట్' అనే ఆ ఒక్క మాటనే ఎందుకు పట్టుకు వేలాడారో ఇప్పుడైనా అర్థమైందా?

చర్చి నుంచి వస్తూనే ఫ్లారెన్స్ సుకుమార్‌కు ఫోన్ చేసింది. ఇంతకుముందు అతను రోజూ పొద్దున ఫోన్లో గులాబీ పువ్వు బొమ్మ మీద బైబిలు వాక్యం రాసి పంపేవాడు, ఈమె చేతులు జోడించిన బొమ్మ తిరిగి పంపేది. అదే వాళ్ల పరిచయం. జరిగినదంతా చెప్పి, నిన్నెవరైనా అడిగారా అని అడిగింది. అవతల రైల్వే గేటు గంట మోగుతోంది. ఆ చప్పుడు మీదుగానే అతను అన్నాడు.

"నన్ను మాత్రం యాడ అడిగినారు? నువ్వు ఒప్పుకున్న్యావని సెప్పిరి. ఒప్పుకున్న పిల్లను వద్దంటే మర్యాదగా ఉండదని నేను గమ్మున ఉంటి."

నేను ఒప్పుకున్నానని నీకెవరు చెప్పారని అడిగితే, నీలిమ అత్త అన్నాడు. ఫ్లారెన్స్ ఒప్పుకుందని ఆ నీలిమకు ఎవరు చెప్పారో ఇద్దరికీ తెలియలేదు. ఇద్దరూ నవ్వారు. ఫ్లారెన్స్ జర్మనీ సంగతి ఎత్తింది. తనకు ఆ విషయమే తెలియదన్నాడు. ఒక వారంలో వచ్చి మాట్లాడతానన్నాడు. ఏమవుతుందో మనకు తెలియదు, వాళ్లకే తెలియదు. ఇన్నాళ్లకు తెలియనిదంటూ ఒకటి వాళ్ల చేతికి వచ్చింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక నీలిమ ముక్కు చీదుకుంటూ కుప్పం బస్సెక్కింది. జీవానందం వరండాలో కుర్చీ వేసుకుని పేపరు తెరిచాడు. లోపల మేరమ్మ నానబెట్టిన అనపగింజలు ముందర పెట్టుకుని పొట్టు పితుకుతోంది. ఫ్లారెన్స్ ఎదురుగా కూర్చుని తనూ పితకసాగింది. తిడుతుందనుకుంది. మేరమ్మ తల ఎత్తలేదు, తిట్టలేదు. చేతులు ఆపకుండానే మాట్లాడింది.

"నన్ను మాత్రం ఎవురడిగినారు? మీ తాత వచ్చి రేపట్నించి బడికి పోవద్దన్న్యాడు. యాల అంటి. కుదిరిందన్న్యాడు. అంతే."

ఫ్లారెన్స్ చేతిలో గింజ జారిపోయింది. తాత కాలంలో సెట్ లేదు. ఆయనకు ఇంగ్లీషు ముక్క రాదు. ఇంగ్లీషువాడి మీద, పాపం, మనం ఇంతసేపు ఎంత నింద వేశాం! మెచ్చుకోలు కూడా వాడికి దండగే. ఆ సౌకర్యం మనింట్లోనే, అచ్చ తెలుగులో, ఎప్పటినుంచో ఉంది. కుదిరింది. అయిపోయింది. నిశ్చయమైంది. ఎవరు కుదిర్చారో, ఎవరిని అడిగారో చెప్పనవసరం లేని మాటలు మన దగ్గర బస్తాలకొద్దీ ఉన్నాయి. 'సెట్' వచ్చి వాటి పక్కన ఊరికే కూర్చుంది.

ఫ్లారెన్స్ తల్లి ముఖం చూసింది. ఇన్నేళ్లుగా చూస్తున్న ముఖమే. ఆ చెంపల మీద బడి మానేసిన పిల్ల ఎక్కడుందోనని వెతికింది.

"ఇప్పుడు నేనడుగుతాండా సెప్పుమా. నాయన్ను సేసుకునేది నీకిష్టమేనా?"

వరండాలో పేపరు చప్పుడు ఆగిపోయింది.

మేరమ్మ ఒక గింజ పితికింది. ఇంకో గింజ పితికింది. వాకిలి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించకుండానే చెప్పింది.

"ఆలోచించి సెప్తా. నాకూ ఒక వారం టైమియ్యి."

ఆ సాయంత్రం ఇంట్లో కాఫీ జీవానందం పెట్టాడు. పొయ్యి దగ్గర నిలబడి, నీకు చక్కెర ఎంత వెయ్యాలని మేరమ్మను అడిగాడు.